కండెన్సర్ మార్చినా ఫ్యాన్ స్పీడ్ రావట్లేదు, వైండింగ్ పోయిందంటున్నారు. నిజమేనా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. బెడ్‌రూంలో 48 అంగుళాల సీలింగ్ ఫ్యాన్ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి నీరసంగా తిరుగుతోంది. రెగ్యులేటర్ 1 మీద పెడితే అసలు కదలదు, 2 మీద కదిలీ కదలనట్టు ఉంటుంది, 3 మీద పెట్టినా 4 మీద పెట్టినా ఒకటే స్పీడ్, మంచం మీద పడుకున్నవాళ్ళకి గాలి తగలదు. ఆ గదిలో అమ్మ పడుకుంటుంది, ఉక్కపోతకి నిద్ర పట్టక రాత్రిళ్ళు లేచి వరండాలో కూర్చుంటోంది. అందుకే నాకు టెన్షన్‌గా ఉంది.

ఊళ్ళో మెకానిక్ వచ్చి కొత్త కండెన్సర్ (కెపాసిటర్) వేశాడు, 2.5 మైక్రోఫారాడ్ అని రాసి ఉంది. ఏమాత్రం తేడా లేదు. ఇప్పుడేమో వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్లు) వీక్ అయిపోయింది, ఫ్యాన్ దించి ఇవ్వండి, రివైండింగ్ చేయిస్తా అంటున్నాడు. కాలిన వాసన లేదు, చప్పుడు లేదు, హాల్లో అదే కంపెనీ ఫ్యాన్ దానితో పాటే కొన్నది, అది బ్రహ్మాండంగా తిరుగుతోంది. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, చిన్నాచితకా సోల్డరింగ్ వచ్చు. దించేముందు నేను చూడగలిగేవి ఏమైనా ఉన్నాయా?

పాత రేడియో:
అండీ, వైండింగ్ అనేది అన్నీ చూశాక చివర్లో అనుకోవాల్సిన మాట. ముందు తేలిగ్గా తేలేవి చూద్దాం.

మొదట ఫ్యాన్ ఎటు తిరుగుతోందో చూడండి. కింద నిలబడి పైకి చూస్తే మన ఫ్యాన్లు గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరగాలి. కండెన్సర్ మార్చేటప్పుడు వైర్లు అటూ ఇటూ అయితే ఉల్టా తిరుగుతుంది, గాలి పైకి పోతుంది, స్పీడ్ సరిగ్గానే ఉన్నా మనకి మాత్రం ఫ్యాన్ పనిచేయనట్టే ఉంటుంది. మీకు ముందు నుంచే సమస్య ఉంది కాబట్టి ఇది కాకపోవచ్చు, కానీ కొత్త కండెన్సర్ వేశాక కొత్త తప్పు చేరిందేమో చూడటంలో నష్టం లేదు.

తర్వాత కరెంటు ఆపి చేత్తో ఒక్కసారి గట్టిగా తిప్పి వదలండి. బేరింగ్ బాగుంటే చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. రెండు మూడు చుట్లకే ఆగిపోయినా, గరగరమన్నా బేరింగులో గ్రీజు గట్టిపడిందని అర్థం.

అసలు అనుమానించాల్సింది రెగ్యులేటర్‌ని. ఎవరూ దాని జోలికి వెళ్ళరు, ఎందుకంటే అది గోడలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది, అందరి చూపూ పైనున్న ఫ్యాన్ మీదే. మీరు చెప్పిన లక్షణం, అంటే 3కీ 4కీ తేడా లేకపోవడం, 1 మీద అసలు కదలకపోవడం, నాకు రెగ్యులేటర్ వైపే చూపిస్తోంది. ఇప్పుడు వచ్చే స్టెప్ రెగ్యులేటర్లలో లోపల కండెన్సర్లు ఉంటాయి, 2.2, 3.3 మైక్రోఫారాడ్ లాంటివి. 1 మీద ఒకటి, 2 మీద ఇంకోటి, 3 మీద రెండూ కలిపి, 4 మీద ఏదీ లేకుండా కరెంటు నేరుగా ఫ్యాన్‌కి వెళ్ళాలి. ఆ కండెన్సర్లు నీరసిస్తే కింది స్పీడ్‌లు చచ్చిపోతాయి. ఆఖరి స్టెప్‌లో నేరుగా వెళ్ళే దారి కలవకపోతే ఫుల్ స్పీడ్ రాదు.

పరీక్ష ఇలా చేయండి. మెయిన్ గానీ ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) గానీ ఆపండి, ఫ్యాన్ స్విచ్ ఆపితే సరిపోదు, పాత వైరింగుల్లో స్విచ్ న్యూట్రల్‌లో పెట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆపాక మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో పెట్టి బోర్డులో కరెంటు లేదని చూసుకోండి, టెస్టర్ బల్బుని నమ్ముకోవద్దు. రెగ్యులేటర్‌కి ఉన్న రెండు వైర్లూ విప్పి, దాని రెండు కాళ్ళ మధ్య మీటర్‌ని బీప్ మోడ్‌లో (దారి కలిసి ఉంటే మోగే మోడ్) పెట్టండి. 4 మీద బీప్ రావాలి. రాకపోతే దొంగ దొరికినట్టే. ఖాయం చేసుకోవడానికి ఆ రెండు వైర్లనీ ఒక కనెక్టర్‌లో కలిపి, టేపు చుట్టి, కరెంటు వేసి ఫ్యాన్ నేరుగా తిప్పి చూడండి.

స్పీడ్ కంటితో చూసి చెప్పకండి, మోసపోతాం. ఒక రెక్కకి తెల్ల టేపు ముక్క అంటించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి పది సెకన్లలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, దాన్ని ఆరుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 48 అంగుళాల ఫ్యాన్ ఫుల్ మీద 350 పైన ఉండాలి.

హనుమకొండ బుల్లెట్:
బ్రదర్ ఇంత కష్టం ఎందుకు, 2.5 తీసేసి 3.15 కండెన్సర్ వేయండి, గిర్రున తిరుగుతుంది. మా ఇంట్లో రెండు ఫ్యాన్లకి అదే వేశాను, ఏం కాలేదు.

ఓల్టు మీటరు:
3.15 సలహా వద్దండీ, దయచేసి. ఎందుకో చెప్తాను.

సీలింగ్ ఫ్యాన్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. రన్నింగ్ కాయిల్‌కి కరెంటు నేరుగా వెళ్తుంది, స్టార్టింగ్ కాయిల్‌కి కండెన్సర్ గుండా వెళ్తుంది. కండెన్సర్ వల్ల రెండో కాయిల్‌లో కరెంటు కాస్త ముందు వస్తుంది, ఆ తేడా వల్లే లోపల అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ఎంత కండెన్సర్ ఉండాలన్నది ఆ కాయిల్‌కి చుట్టిన తీగని బట్టి కంపెనీవాళ్ళు లెక్క కడతారు. ఎక్కువది వేస్తే స్పీడ్ కొంచెం పెరగొచ్చు కానీ స్టార్టింగ్ కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది, తీగ వేడెక్కుతుంది, ఇనామిల్ పూత మెల్లగా పాడవుతుంది. వేసిన వెంటనే ఏమీ కాదు, అందుకే "ఏం కాలేదు" అనిపిస్తుంది. కొన్ని ఫ్యాన్లు కంపెనీ నుంచే 3.15తో వస్తాయి, వాటికి అదే వేయాలి. పాత కండెన్సర్ మీద ఎంత ఉంటే అంతే, 440 వోల్టుల రకమే.

అసలు ఫ్యాన్ స్లో అవడానికి అన్నిటికంటే పెద్ద కారణం కండెన్సరే, అందులో మీ మెకానిక్ తప్పేమీ లేదు. లోపల ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అతి పల్చటి లోహపు పూత ఉంటుంది. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడల్లా ఆ పూతలో సూదిమొనంత చోటు కాలిపోతుంది, కండెన్సర్ మాత్రం బతికి బయటపడుతుంది. అలా ఏళ్ళ తరబడి పోతూ పోతూ 2.5 ఉండాల్సింది 1.8కో 1.5కో దిగుతుంది. బాధ ఏమిటంటే చవకరకం కొత్త కండెన్సర్లు కూడా పైన 2.5 అని రాసి లోపల తక్కువ ఉంటున్నాయి. మీ మీటర్‌లో కెపాసిటెన్స్ రేంజ్ ఉంటే కొత్తదాన్నే కొలవండి. 5 శాతం అటూ ఇటూ అయితే మంచిదే. కొలిచే ముందు రెండు కాళ్ళ మధ్య ఏ పాత 60 వాట్ల బల్బో పెట్టి డిశ్చార్జ్ చేయండి, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు వద్దు.

ఇంకోటి, వోల్టేజి చూడండి. సాయంత్రం ఏసీలన్నీ ఆన్ అయ్యాక పల్లెల్లో 180కి పడిపోవడం కొత్త కాదు. ఈ మోటార్ల బలం వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది, 230 ఉండాల్సిన చోట 180 ఉంటే బలం దాదాపు 60 శాతానికి దిగిపోతుంది. హాల్ ఫ్యాన్ బాగా తిరుగుతోంది కదా అని వదిలేయొద్దు, మీది త్రీఫేజ్ కనెక్షన్ అయితే బెడ్‌రూం వేరే ఫేజ్ మీద ఉండొచ్చు. ఆ గదిలోనే సాకెట్‌లో రాత్రి పూట కొలవండి.

కృష్ణాతీరం:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఈరోజు చూసినవి రాస్తున్నాను. తిరిగే దిక్కు సరిగ్గానే ఉంది. చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. రాత్రి భోజనాల వేళ ఆ గది సాకెట్‌లో 228 చూపించింది. కొత్త కండెన్సర్ ఒక కాలు విప్పి కొలిస్తే 2.46. స్లో మోషన్ వీడియోలో 4 మీద పది సెకన్లకి 38 చుట్లు, అంటే 228. 3 మీద కూడా అదే. రెగ్యులేటర్ రేపు పగలు విప్పుతాను, చీకట్లో బోర్డు ముట్టుకోవద్దని అమ్మ గట్టిగా చెప్పింది.

రివైండింగ్ వర్క్స్:
నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి, కరీంనగర్. రివైండింగ్ అన్న ప్రతివాడూ డబ్బుల కోసం చెప్తున్నాడని అనుకోవద్దు తమ్ముడూ, నిజంగా కాయిల్ పోయిన ఫ్యాన్లు మా దగ్గరికి రోజూ వస్తాయి. కానీ మీటర్ పెట్టకుండా వైండింగ్ పోయిందని చెప్పడం మాత్రం తప్పు, ఆ మాటకి నేను ఒప్పుకోను.

కాయిల్ చూడాలంటే ఫ్యాన్ దించక్కర్లేదు. కరెంటు ఆపి, రాడ్ పైన ఉండే గిన్నెలాంటి మూత కిందికి జరిపితే కనెక్టర్ కనిపిస్తుంది. సప్లై వైర్లు, కండెన్సర్ విప్పేస్తే మోటార్ నుంచి వచ్చే మూడు వైర్లు మిగులుతాయి. రంగులు కంపెనీకో రకం, వాటిని నమ్మొద్దు. మూడు జతలకీ ఓమ్స్ కొలువు. ఒక జతకి వచ్చింది మిగతా రెండు జతల మొత్తం అవ్వాలి, అప్పుడు రెండు కాయిల్స్‌లోనూ తెగింది లేనట్టు. ఏ వైరుకీ ఫ్యాన్ బాడీకీ మధ్య బీప్ రాకూడదు, వస్తే ఆ ఫ్యాన్ షాక్ కొడుతుంది, వెంటనే ఆపేయాలి. కాయిల్ లోపల చుట్లు ఒకదానికొకటి షార్ట్ అయితే చిన్న మీటర్‌తో పట్టుకోవడం కష్టం, దానికి వేరే గుర్తులున్నాయి: బుర్రుమని మూలుగుతుంది, కాసేపటికే బాడీ మీద చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, వార్నిష్ కాలిన వాసన వస్తుంది. నీ ఫ్యాన్‌కి వాసనా లేదు, మూలుగూ లేదు అంటున్నావు. నా లెక్కలో కాయిల్ బాగుంది.

పైకి ఎక్కినప్పుడు ఒక పని తప్పకుండా చెయ్యి. రాడ్ పైన హుక్‌కి పట్టే బోల్టు, దానికి అడ్డంగా ఉండే స్ప్లిట్ పిన్ చూడు. పిన్ లేకుండా నట్టు మీదే వేలాడుతున్న ఫ్యాన్లు ఎన్నో చూశాను, నట్టు వదులై ఫ్యాన్ మంచం మీద పడిన ఇల్లు మా వీధిలోనే ఉంది. మంచం మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఎక్కొద్దు, నిచ్చెన తెచ్చుకో, కింద ఒక మనిషిని పట్టుకోమను.

వైజాగ్ సముద్రం:
కాస్త పక్క మాట. ఎలాగూ పాతదైతే బీఎల్‌డీసీ ఫ్యాన్ (లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే, కరెంటు తక్కువ తినే రకం) ఆలోచించండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటే అది 30 దగ్గర ఉంటుంది. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్ల దాకా మిగులుతుంది. కాకపోతే దానికి గోడ రెగ్యులేటర్ పెట్టకూడదు, నేరుగా ఇవ్వాలి. బోర్డు పోతే మన చేతుల్లో రిపేర్ కష్టం, అది మాత్రం ఒప్పుకోవాలి. మీ పాత ఫ్యాన్ బాగయ్యే అవకాశం ఉంటే ముందు అదే బాగుచేసుకోండి.

కృష్ణాతీరం:
దొరికింది! రెగ్యులేటరే.

మెయిన్ ఆపి విప్పాను. నాబ్ 4 మీద పెడితే బీప్ రాలేదు. రెండు వైర్లు కనెక్టర్‌లో కలిపి నేరుగా ఇస్తే పది సెకన్లకి 59 చుట్లు, అంటే 354! అమ్మ వంటింట్లోంచి వచ్చి గదిలో క్యాలెండర్ ఎగిరిపోతోందని కేకేసింది.

తర్వాత రెగ్యులేటర్ డబ్బా తెరిచాను. నాబ్ ఇమిడే ప్లాస్టిక్ ఇరుసు నిలువునా చీలి ఉంది. బయట నాబ్ 4కి వెళ్తోంది, లోపల కాంటాక్టులు తిప్పే పళ్ళెం మాత్రం 3 దగ్గరే ఆగిపోతోంది. స్క్రూడ్రైవర్‌తో పళ్ళేన్ని ముందుకి తోస్తే బీప్ వచ్చింది. లోపలి కండెన్సర్లు కూడా కొలిచాను, 3.3 అని ఉన్నది 1.9, 2.2 అని ఉన్నది 0.9 చూపించాయి. 1 మీద ఎందుకు కదలట్లేదో అప్పుడు అర్థమైంది. ఇరుసు అతికించి, కండెన్సర్లు మార్చి దాన్నే వాడొచ్చా, కొత్తది తెచ్చుకోవాలా?

కాయిల్ కూడా అన్న చెప్పినట్టే కొలిచాను. పెద్ద విలువ మిగతా రెండింటి మొత్తానికి సరిపోయింది, బాడీకి బీప్ లేదు. స్ప్లిట్ పిన్ ఉంది కానీ తుప్పు పట్టింది, మార్చేశాను.

పాత రేడియో:
సంతోషం అండీ! కండెన్సర్లు మార్చడం తేలికే, కానీ చీలిన ఇరుసు జిగురుతో నిలవదు, రోజూ తిప్పేది కదా, పైగా 230 వోల్టులు పక్కనే ఉన్నాయి. కొత్తదే వేయండి. పాతది పారేయకండి, అందులో నేర్చుకోవడానికి చాలా ఉంది. కండెన్సర్ల పక్కన చిన్న రెసిస్టర్లు చూశారా, కరెంటు ఆపాక కండెన్సర్లలో మిగిలిన చార్జ్ దిగిపోవడానికి అవి. అవి తెగిపోతే ఆపిన తర్వాత కూడా షాక్ కొట్టగలదు, అందుకే తెరిచిన ప్రతిసారీ డిశ్చార్జ్ చేయడం మానొద్దు.

హనుమకొండ బుల్లెట్:
ఓల్టు మీటరు గారూ, మీరు రాసింది చదివి మా ఫ్యాన్ బాడీ ముట్టుకు చూశాను, నిజంగానే బాగా కాలుతోంది. 2.5 మళ్ళీ వేసేస్తున్నాను. ఇంకో డౌట్, మా నాన్నగారి గదిలో పాతకాలం పెద్ద నల్ల డబ్బా రెగ్యులేటర్ ఉంది, పని బాగానే చేస్తోంది, మార్చాలా?

ఓల్టు మీటరు:
మంచి పని చేశారు. ఆ నల్ల డబ్బాలో తీగ చుట్ట ఉంటుంది, స్పీడ్ తగ్గించినప్పుడు మిగిలిన కరెంటు అందులో వేడిగా పోతుంది, డబ్బా మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఎప్పుడూ ఫుల్ మీదే తిప్పేవాళ్ళకి మార్చినా కరెంటు మిగలదు. తక్కువ స్పీడ్‌లో రాత్రంతా తిరిగే గది అయితే మార్చడం మేలు. షాపులో "స్టెప్ టైప్" అని అడగండి, ఏ గీతా లేకుండా సాఫీగా తిరిగే డిమ్మర్ రకం వేస్తే తక్కువ స్పీడ్‌లో ఫ్యాన్ మూలుగుతుంది, పెద్దవాళ్ళకి నిద్ర పట్టదు. ఆ డబ్బా తీస్తే గోడలో పెద్ద రంధ్రం మిగులుతుంది, ముందే కొలత తీసుకుని దానికి సరిపడే బాక్సూ, పై ప్లేటూ కూడా తెచ్చుకోండి.