నీటిలో తేలి, మర్నాటికి మునిగిన రాయి: ప్యూమిసా, స్కోరియానా?

అగ్నిపర్వత శిలల సేకరణలో లేబుల్ ఊడిపోయిన ఒక రాయి దగ్గర ఆగిపోయాను. ముదురు బూడిద రంగు, ఒళ్లంతా రంధ్రాలు.

చదివినంతలో తేడా ఇది: ప్యూమిస్ సాధారణంగా సిలికా (ఇసుకలో ఉండే ఖనిజ పదార్థం) ఎక్కువగా, దాదాపు 70 శాతం ఉండే చిక్కటి మాగ్మా (భూమి లోపలి కరిగిన శిల) పేలినప్పుడు నురగలా గడ్డకట్టినది, లేత రంగు, నీటిలో తేలుతుంది. స్కోరియా ఎక్కువగా సిలికా 50 శాతం అటూఇటూ ఉండే బసాల్ట్ (ఇనుము ఎక్కువుండే ముదురు శిల) మాగ్మా నుంచి వస్తుంది. నలుపు లేదా ఎరుపు, బుడగల గోడలు మందం, మునిగిపోతుంది. పుస్తకంలో ఎంత తేలికో!

బకెట్లో వేస్తే సాయంత్రమంతా తేలింది, 14 గంటల తర్వాత చూస్తే అడుగున ఉంది. ఆరబెట్టి, పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టి కొలిచాను: బరువు 58 గ్రాములు, ఘనపరిమాణం 64 మి.లీ., అంటే సాంద్రత 0.9. సున్నపురాయేమోనని వేసిన వెనిగర్ చుక్కకు పొంగలేదు. దారానికి కట్టిన అయస్కాంతం కాస్త అటు లాగినట్టే ఉంది, నా చెయ్యి వణికిందేమో మరి. భూతద్దంలో కొన్ని చోట్ల గోడలు గాజు దారాల్లా సన్నగా, ఒక అంచున మాత్రం అర మిల్లీమీటరు మందంగా ఉన్నాయి. మూల గీకితే లేత బూడిద రంగు పొడి రాలింది.

ల్యాబుకు పంపే వీలు లేదు. తేలడం, పొడి రంగు ప్యూమిస్ అంటున్నాయి. పై రంగు, అయస్కాంతం స్కోరియా అంటున్నాయి. ఇలాంటప్పుడు వీటిలో ఏ గుర్తును నమ్మి లేబుల్ రాయాలి?