పాత కచేరీ టేపులు: శుభ్రం చెయ్యాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మాంబళం శ్రోత:
నాన్నగారు పోయాక అటక మీద పద్నాలుగు స్పూలు టేపులు దొరికాయి. 1960లు, 70లలో మద్రాసు పశ్చిమ మాంబళంలో ఇళ్లలో జరిగిన కచేరీలు ఆయన తీసినవి, కొన్ని రేడియోలో వచ్చినవి. మా మేనల్లుడు ఒకటి కంప్యూటర్‌లోకి ఎక్కించి, సాఫ్ట్‌వేర్‌తో బుస (టేపు వెనకాల వచ్చే ‘స్‌స్’ చప్పుడు) తీసేశాడు. బుసతో పాటు తంబురా కూడా పోయింది. పల్లవి ఎత్తుకునే ముందు గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు, వెనక ఎవరో పెద్దాయన ‘ఆహా’ అనడం అసలు టేపులో ఉన్నాయి, ఇందులో లేవు. ఖాళీ గదిలో ఒంటరిగా పాడుతున్నట్టుంది. నా మటుకు ఇది తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

వోలేటి అభిమాని, అంబత్తూరు:
తప్పంటే ఒప్పుకోనండీ. కర్ణాటక గాయకులు వోలేటి వెంకటేశ్వర్లు గారినే తీసుకోండి. శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు, విజయవాడ రేడియో కేంద్రంలో పనిచేశారు, 1989లో పోయారు. అదే గురువు దగ్గర నేర్చుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చింది, ఇక్కడి సభలన్నిటికీ ఆయన తెలుసు. వోలేటి గారి పేరెత్తితే డిసెంబరు కచేరీలకు తిరిగే కుర్రాళ్లు ‘ఎవరు?’ అంటున్నారు. ఆయన్ని వినాలంటే చాలావరకు రేడియో రికార్డింగులు, రసికులు దాచుకున్న టేపులే దిక్కు. పాట నేర్చుకుంటున్న మా అమ్మాయికి ఆయన ఆలాపన వినిపిస్తే అర నిమిషంలో ఇయర్‌ఫోన్లు తీసేసింది, ‘నాన్నా, వాన పడుతున్నట్టుంది’ అని. శుభ్రం చేసిన కాపీ పెడితే చివరిదాకా విని, మళ్లీ పెట్టమంది. నాకదే ముఖ్యం.

వయొలిన్ టీచర్, పెరంబూరు:
వినడానికి సరే. నేర్చుకోవడానికి మాత్రం ఆ కాపీ ఇవ్వకండి. పాత 78 గ్రామఫోను ప్లేటుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారంతటివారు కూడా ఆ కాస్తలోనే కుదించి వాయించవలసి వచ్చింది. రాగాన్ని తీరిగ్గా ఎలా పెంచేవారో చెప్పేవి కచేరీ టేపులే. కమాను తీగకి తగిలేటప్పుడు వచ్చే సన్నటి గరగరని సాఫ్ట్‌వేర్ టేపు బుసలో కలిపేసి కోసేస్తుంది. అది పోతే కమాను ఎక్కడ తిప్పారో, కమానుని ఒకసారి లాగితే ఎన్ని స్వరాలు పలికించారో పిల్లలు పట్టుకోలేరు.

వడపళని సౌండ్ ఇంజినీరు:
అందరూ బుస గురించే మాట్లాడుతున్నారు, వేగం సంగతి ఎవరూ ఎత్తలేదు. రికార్డు చేసిననాడు మెషీను మెల్లగా తిరిగి ఉంటే, ఇవాళ సరైన వేగంలో వేసినా శృతి పెరుగుతుంది. ఆరు శాతం తేడా చాలు, ఒకటి శృతిలో పాడినాయన ఒకటిన్నరలో, అంటే అర స్వరం పైన, వినిపిస్తారు. గొంతు పలచబడుతుంది, స్వరకల్పన లేని వేగం తెచ్చుకుంటుంది. ఈ తేడాని పట్టిచ్చేది మీరు చెత్త అనుకుంటున్న హమ్మే, అంటే కరెంటు వల్ల టేపులోకి ఎక్కే సన్నటి మోత. మన కరెంటు 50 హెర్ట్జ్. టేపులో ఆ ‘మ్‌మ్’ 53 దగ్గర కనిపిస్తే టేపు ఆరు శాతం ఎక్కువ వేగంగా తిరుగుతోందని లెక్క. అప్పట్లో కరెంటే కాస్త అటూ ఇటూ ఊగేది కాబట్టి, అదే గాయకుడి వేరే రికార్డింగులతో శృతి సరిచూసుకోవాలి. ముందే హమ్ తుడిచేస్తే సాక్షిని ఇంటికి పంపేసినట్టే. మొదట ఏమీ ముట్టుకోకుండా ఒక కాపీ తియ్యండి, తరవాతే మిగతావన్నీ.

వోలేటి అభిమాని, అంబత్తూరు:
వేగం విషయంలో మీ మాటే మాట. అసలు కాపీని చెరిపెయ్యమని నేనూ అనలేదు. కానీ నలుగురికీ వినిపించేది శుభ్రం చేసినదే కావాలి. మాంబళం గారూ, ఏమీ అనుకోకండి, ఆ పద్నాలుగు టేపులూ చెక్కుచెదరకుండా అటక మీదే ఉన్నాయి కదా ఇన్నేళ్లూ. ఎవరు విన్నారు?

మాంబళం శ్రోత:
గుచ్చుకుంది, నిజం కాబట్టి. రెండు కాపీలూ పక్కపక్కన పెడతాను, అసలుది ముందు. దాని మీద మాత్రం వెనక్కి తగ్గను.

ఇంజినీరు గారూ, మేనల్లుడు ముట్టుకోని ఫైలు దాచి ఉంచాడు, అదృష్టం. రాత్రి చూస్తే హమ్ 52 దగ్గర ఉంది. శుభ్రం చేసినదాంట్లో వెతికితే అసలు లేదు. 50కి దింపి విన్నాను. గొంతు బరువెక్కింది, ఆలాపనలో ఆయన ఆగే చోట్లు పెద్దవయ్యాయి, తంబురా ఆ ఖాళీల్లోకి వస్తోంది. రెండో వైపు హమ్ మొదట్లో 52, చివరికి వచ్చేసరికి 51. మధ్యలో ఎక్కడ మారిందో ఎలా పట్టుకోవాలి?