వీల్ మార్చిన ఎంట్రీ వెనక్కి వచ్చింది, పని వచ్చని ఎలా చూపించాలి?

హ్యాంగర్_ట్రైనీ:
శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ హ్యాంగర్‌లో ట్రైనీగా చేరి పద్నాలుగు నెలలైంది. మా బ్యాచ్‌లో అమ్మాయిలం ఇద్దరమే. కార్-66 బి1 (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) లైసెన్స్ కోసం ప్రాక్టికల్ లాగ్‌బుక్ నింపుతున్నాను. మొన్న అసెసర్ సార్ నాలుగు ఎంట్రీలు వెనక్కి ఇచ్చారు. ఒకదాంట్లో "ఏఎంఎం ప్రకారం మెయిన్ వీల్ మార్చాను" అని రాశాను (ఏఎంఎం అంటే విమానం మెయింటెనెన్స్ మాన్యువల్). దాని పక్కన ఎర్ర పెన్నుతో "నువ్వేం చేశావు?" అని రాశారు. పని నిజంగా నేనే చేశాను. వచ్చే వారం లాక్‌వైర్ (బోల్టు వదులవకుండా మెలితిప్పి కట్టే తీగ), టార్క్ (నట్‌ని కొలత ప్రకారం బిగించడం) చేసి చూపించాలి. చేతి పనికి భయం లేదు, కాగితం దగ్గరే టెన్షన్. ఎవరైనా చెప్పండి.

లైన్_నైట్‌షిఫ్ట్:
చెల్లీ, తేదీ, విమానం రిజిస్ట్రేషన్, టాస్క్ నంబర్, మాన్యువల్ రివిజన్ రాయి. ఆ టాస్క్ ఆ విమానానికి వర్తిస్తుందో లేదో ముందే చూసుకో. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన ఇనిషియల్, తేదీ వెయ్యి. కింద ఏం రాశావో కనబడాలి. వైట్‌నర్ జోలికి పోవద్దు.

పాత_ఎయిర్‌ఫ్రేమ్:
అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీ సార్ అడిగింది మంచి ప్రశ్న. యాక్సిల్ నట్‌ని, అంటే వీల్‌ని ఇరుసు మీద పట్టి ఉంచే నట్‌ని, ఎలా బిగించావు? వీల్‌ని చేత్తో తిప్పుతూ మొదటి టార్క్ పెట్టి, వదులు చేసి, మళ్ళీ తిప్పుతూ రెండో టార్క్ పెట్టి ఉంటావు. మొదటిది బేరింగ్ రోలర్లు సరిగ్గా కూర్చోవడానికి. ఆ తిప్పడం వదిలేస్తే టార్క్ అంకె సరిగ్గానే వస్తుంది, బేరింగ్ మాత్రం సరిగ్గా కూర్చోదు. నువ్వది చేశావని నీ వాక్యంలో ఎక్కడా లేదు. రెండు టార్క్ విలువలూ, రెంచ్ నంబరూ, దాని క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) గడువూ రాయి.

రెంచ్ నంబర్ ఎందుకంటే, ఒకసారి మేం వాడే రెంచ్ క్యాలిబ్రేషన్‌లో ఫెయిలయింది. అప్పటికి అది ఎన్నో విమానాల మీద తిరిగింది. పని రాసే కార్డుల్లో నంబర్ ఉండబట్టి ఏ నట్లు మళ్ళీ చూడాలో సాయంత్రానికల్లా తేలింది. ఒక కార్డులో ఆ గడి ఖాళీగా ఉంది. ఆ ఒక్క విమానం దగ్గరే తెల్లవారింది. ఆ గడి ఖాళీగా వదిలింది నేనే. అందుకే ఈ విషయం ఎవరడిగినా ఇంత పొడుగ్గా చెబుతాను.

ఇంకోటి కూడా విను. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో, దాదాపు 17,300 అడుగుల ఎత్తున, కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. ఆయన నడుము దాకా బయటికి వెళ్ళిపోయాడు. సిబ్బంది కాళ్ళు పట్టుకుని ఆపారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు. ఆ అద్దాన్ని అంతకుముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే 0.026 అంగుళం సన్నవి, మిగతా 6 పొట్టివి. పాత బోల్టు పక్కన పెట్టి కంటితో సరిచూసి తెచ్చారు, పార్ట్స్ కేటలాగ్ తెరవలేదు. ఆ పాత బోల్టులు కూడా అసలు ఉండాల్సిన సైజు కావు. అసెసర్ నీకొక బోల్టు ఇచ్చి "ఇలాంటిదే తే" అంటే, స్టోర్స్‌కి పరుగెత్తకు. ముందు కేటలాగ్ తెరువు.

హ్యాంగర్_ట్రైనీ:
గారూ, వీల్ తిప్పింది నేనే, నట్ బిగించింది సీనియర్. ఆ ఎంట్రీ ఇలా మార్చాను: "టార్క్ పెడుతున్నంతసేపూ వీల్ తిప్పాను, బిగింపు ఫలానా టెక్నీషియన్ చేశారు, నేను గమనించాను." ఇలా రాస్తే తక్కువ చేసినట్టు అనిపించదా?

పాత_ఎయిర్‌ఫ్రేమ్:
అనిపించదు. అలాగే ఉంచు. చూసినదాన్ని చేసినట్టు రాస్తే రేపు సార్ రెంచ్ నీ చేతికిస్తారు. ఈలోపు ఒక వీల్‌కి నువ్వే బిగించే అవకాశం అడుగు, దాన్ని వేరే ఎంట్రీగా రాయి.

లాక్‌వైర్‌కి 0.032 అంగుళాల వైర్ ఇస్తే అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. వైర్ లాగే దిశ బోల్టుని బిగించే వైపే ఉండాలి. వైర్ దూర్చే రంధ్రం సరైన వైపుకి కుదరకపోతే బోల్టుని వెనక్కి వదులు చేయకు, హద్దు దాటించి బిగించనూ వద్దు. టార్క్ పరిధిలోపలే కుదరాలి, లేదంటే ఇంకో బోల్టు తీసుకో. చివర తోక లోపలికి వంచు, తర్వాత తుడిచేవాడి వేలు తెగకూడదు. కత్తిరించిన ముక్కలు కింద పడనివ్వకు. ఎన్ని కత్తిరించావో అన్నీ డబ్బాలో వేసి, సార్ అడగకముందే చూపించు.

లైన్_నైట్‌షిఫ్ట్:
రెంచ్‌కి ఎక్స్‌టెన్షన్ పెడితే సెట్టింగ్ ఎంత అని కూడా అడుగుతారు. 90 డిగ్రీల్లో పెడితే మారదు, నేరుగా పొడిగిస్తే తగ్గించాలి. లెక్క కాగితం మీద వేసి చూపించు చెల్లీ, నోటితో చెప్పి వదిలేయకు.