పాత జీపు వెనుక యాక్సిల్: విప్పి బాగుచేయాలా, వేరేది ఎక్కించాలా?

హైబానెట్:
మాది 1968 నాటి మహీంద్రా సీజే-3బీ జీపు. నలభై దాటి యాక్సిలరేటర్ తొక్కితే వెనుక నుంచి ఏడుపు మొదలవుతుంది, కాలు తీస్తే తగ్గుతుంది. ఆయిల్ దించితే అడుగున వెండి రజనులాంటి పొడి. కవర్ విప్పి చూశాను. క్రౌన్ (పెద్ద పళ్ళ చక్రం) పళ్ళు నున్నగానే ఉన్నాయి, దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం పినియన్‌ను పట్టుకుని ఊపితే మాత్రం కదులుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ ఒకటే మాట అన్నారు: ‘దీన్ని ఎవరు కడతారండీ, తుక్కులో కొత్త మోడల్ యాక్సిల్ దొరుకుతుంది, ఎక్కించేద్దాం.’ మీరేమంటారు?

ఘాట్‌రోడ్డు:
మేస్త్రీ మాట వినండి. పళ్ళ సంగతి తర్వాత, ముందు షాఫ్టులు (చక్రాలను తిప్పే కడ్డీలు) చూడండి. మీ యాక్సిల్‌లో షాఫ్టు చివర కోసుగా ఉంటుంది, చక్రం బిగించే హబ్ దాని మీద ఒక కీ (గాడిలో కూర్చునే ఇనుప ముక్క), ఒక నట్టుతో నిలబడుతుంది. ఆ కీ గాడి దగ్గరే పగులు పుడుతుంది. అక్కడ విరిగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికి వస్తుంది. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపులో వెనుక షాఫ్టు విరిగినా హబ్ హౌసింగ్ (యాక్సిల్ బయటి గొట్టం) మీదే ఉండేది. మీ దాంట్లో ఆ ధైర్యం లేదు.

ఇంకో సంగతి. సీజే-3బీలో హ్యాండ్‌బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక యాక్సిళ్ళకు పంచే గేరుపెట్టె) వెనుక ఉన్న డ్రమ్ముకు పనిచేస్తుంది. ఒక్క షాఫ్టు తెగితే అది ప్రొపెల్లర్ షాఫ్టును (అక్కడి నుంచి యాక్సిల్‌కు వెళ్ళే కడ్డీని) పట్టుకుంటుంది కానీ బండిని పట్టుకోదు. అరకు దారిలో ఎత్తు మీద ఆపినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

షిమ్ముల సంచి:
హబ్ గురించి ఘాట్‌రోడ్డు గారు చెప్పింది నిజమే. కానీ దానికి మందు మొత్తం యాక్సిల్ మార్చడం కాదు. హైబానెట్ గారి ఏడుపు పినియన్ బేరింగులది. పళ్ళు బాగుండి పినియన్ ఊగుతోందంటే ఇంకేం కావాలి?

తుక్కు యాక్సిల్ ఎక్కించడం నోటితో చెప్పినంత తేలిక కాదు. ఈ జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్టు ఒక పక్కకు వస్తుంది కాబట్టి వెనుక గుమ్మటం (యాక్సిల్‌లో క్రౌన్, పినియన్ ఉండే ఉబ్బు) కూడా మధ్యలో ఉండదు. మధ్యలో గుమ్మటం ఉన్న యాక్సిల్ పెడితే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగా నడుస్తుంది, యూనివర్సల్ జాయింట్లు త్వరగా పోతాయి. స్ప్రింగు పట్టీల పీఠాలు కోసి మళ్ళీ వెల్డింగ్ చేయాలి. బ్రేకు పైపులు మార్చాలి. ఒక బేరింగు కోసం ఇంత రాద్ధాంతమా?

ఈ యాక్సిల్ డానా 44 రకం. 43 పళ్ళ క్రౌన్, 8 పళ్ళ పినియన్, అంటే నిష్పత్తి 5.38. క్రౌన్, పినియన్ జంటగా రుద్ది తయారవుతాయి, రెండింటి మీదా ఒకే జత నంబరు ఉంటుంది. పినియన్ ముఖం మీద చిన్నగా ప్లస్ రెండు, మైనస్ మూడు లాంటి గుర్తు చెక్కి ఉంటుంది. లోతు ఎంత సరిచేయాలో చెప్పేది అదే. పళ్ళు బాగుంటే ఆ జంటను విడదీయకండి. బజారులో దొరికే సెట్టు పెట్టినా అదే పని, అదే ఓపిక. పైగా దాని గుర్తుల మీద నాకు నమ్మకం తక్కువ.

పని తీరు చెబుతాను. పినియన్ లోతును సరిచేసే షిమ్ములు (పలుచని రేకులు) లోపలి బేరింగు కప్పు వెనుక ఉంటాయి కాబట్టి మార్చాలనుకున్న ప్రతిసారీ కప్పు కొట్టి తీయాలి. డిఫరెన్షియల్ కేసు (క్రౌన్ బిగించి ఉండే పెట్టె) పక్క బేరింగుల వెనుక కూడా షిమ్ములే. మళ్ళీ మళ్ళీ పుల్లర్ వేస్తే కొత్త బేరింగు పాడవుతుంది. అందుకే పాత బేరింగు లోపలి రంధ్రాన్ని ఎమెరీ కాగితంతో కాస్త వదులు చేసి, చేత్తో జారేలా పెట్టుకుని అన్నీ కొలుస్తాను. చివరికి కొత్తది బిగిస్తాను.

తర్వాత క్రౌన్ పళ్ళకు సీసపు సిందూరాన్ని నూనెలో కలిపి పూసి, పినియన్‌ను తిప్పి చూడండి. ముద్ర పంటి కొనవైపు పడితే పినియన్ బయటికి ఉందని, వేరువైపు పడితే లోతుకు వెళ్ళిందని అర్థం. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు) 0.15 మిల్లీమీటర్ దగ్గర పెట్టండి. డయల్ గేజి లేకుండా చేతి అంచనాతో చేస్తామనేవారికి బండి ఇవ్వకండి.

సిక్స్‌వోల్ట్:
ఎలాగూ విప్పుతున్నారు కదా, 5.38 తీసి 4.88 వేయించుకోండి. హైవే మీద ఇంజిన్ గొంతు చించుకోకుండా పోతుంది.

షిమ్ముల సంచి:
అప్పుడు ముందు యాక్సిల్‌ను కూడా మార్చాలి. రెండు నిష్పత్తులు ఒకటి కాకుండా ఫోర్‌వీల్ వేస్తే గట్టి నేల మీద గేర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అది జీపు, దానికి హైవే ఎందుకు?

పాత నంబరు ప్లేటు:
ఒక చిన్న మాట. 2021 నాటి వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్ళు దాటిన, అసలు రూపంలో ఉన్న సొంత బండ్లకు వర్తిస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయకూడదన్నారు. యాక్సిల్ పేరు అందులో లేదు. కానీ ఆ వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు లాంటివాటికే. రోజూ తిప్పే ఆలోచన ఉంటే అసలు రూపం అనే వాదనతో మీకు పెద్దగా పనిలేదు.

ఘాట్‌రోడ్డు:
షిమ్ముల సంచి గారి విద్యకు దండం. గుమ్మటం సంగతిలో ఆయనతో నేనూ ఏకీభవిస్తాను. ఏడుపు పోతుంది, సరే. షాఫ్టు మాటేమిటి? విదేశాల్లో హబ్ భాగంతో కలిసి ఒకే ముక్కలో వచ్చే ఫ్లాంజి షాఫ్టులు అమ్ముతున్నారు, అవి వేస్తే హౌసింగ్ కోయనక్కరలేదు. పల్లంలో సరుకు వేసుకుని దిగే బండికి దానికంటే తక్కువ దేన్నీ ఒప్పుకోను.

హైబానెట్:
అందరికీ ధన్యవాదాలు. గుమ్మటం, జంట అలాగే ఉంచి, బేరింగులు, సీళ్ళు కొత్తవి వేయిస్తాను. షాఫ్టులు రెండూ తీసి, కీ గాడి దగ్గర రంగు ద్రావణంతో పగులు పరీక్ష చేయిస్తాను. బాగుంటే కోసు భాగం, హబ్ పొడిగా తుడిచి 150 అడుగు-పౌండ్లకు తగ్గకుండా నట్టు బిగించి, కొన్ని కిలోమీటర్లు తిప్పాక మళ్ళీ చూస్తాను.

ఘాట్‌రోడ్డు:
పరీక్షలో వెంట్రుకంత ఎర్రగీత కనిపించినా ఇక్కడ ఫొటో పెట్టండి. నా వాదన అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెడతాను.