కలిసి భారతం చదువుతున్నాం, పద్యం దగ్గర ఆగిపోతున్నాం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం ఎనిమిది మందిమి, తలా ఒక ఊళ్లో ఉన్నాం. ప్రతి ఆదివారం రాత్రి గంటసేపు వీడియో కాల్‌లో కూర్చుని కవిత్రయ భారతం చదువుకుందామని ఆదిపర్వంతో మొదలుపెట్టాం. నాలుగో వారానికి నలుగురం మిగిలాం. కథ అందరికీ తెలిసిందే. పద్యమే కొరుకుడు పడటం లేదు. ప్రతి మాటకీ నిఘంటువు తెరుస్తూ కూర్చుంటే గంటకి రెండు పద్యాలు కూడా దాటవు. తాత్పర్యం చదివేసి ముందుకు పోదామని ఒకరన్నారు. నాకు మనసొప్పలేదు. కథ ఒక్కటే కావాలంటే వచనంలో చదువుకోవచ్చు కదా.

నిన్న ఒక్కదాన్నే విరాటపర్వంలో ఈ పాదం చదివాను: "సింగం బాఁకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి మా". చివర ఆ 'మా' ఎవరిది? 'మాది' అనుకుని అక్కడ ఆగాను. తర్వాత పాదం 'తంగ' అని మొదలైంది. ఇక ముందుకు సాగలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నామో చెప్పండి.

మొదటి జవాబు:
అమ్మా, తప్పేమీ లేదు, పాదం చివర ఆగారు, అంతే. పద్యంలో పాదం వేరు, మాట వేరు. అది 'మాతంగ', అంటే ఏనుగు. 'మా' ఈ పాదంలో, 'తంగ' తర్వాతి పాదంలో పడ్డాయి. ఆ పద్యంలో మూడు పాదాలూ అలాగే మాట మధ్యలో విరుగుతాయి. రెండో పాదం చివరి 'నో', మూడో పాదం మొదటి 'జం' కలిపితే 'వచ్చు నోజం', వచ్చే విధంగా అని. మూడో పాదం చివర 'వ', నాలుగో పాదం మొదట 'చ్చెం', అంటే వచ్చెన్. ఆకలితో గుహలో నీరసించి ఉన్న సింహం ఏనుగుల మందను చూసి కోపంతో దూకినట్టు, అడవుల్లో మగ్గిన అర్జునుడు మన సేన మీదికి వస్తున్నాడని ద్రోణుడి మాట. 'ఆకటితో' అంటే ఆకలితో. ఇంతే తెలిస్తే చాలు, ఇప్పుడు గొంతెత్తి మళ్లీ చదవండి. సింగం, తంగ, జంగాం, చ్చెంగుం: ఆ ప్రాసే పాదం ఎక్కడ మొదలైందో చెవికి చెబుతుంది. ఎక్కడ ఆగాలన్నది మాత్రం అర్థమే చెప్పాలి.

ఇంకో మాట. మీరు విరాటపర్వంతోనే మొదలుపెట్టండి. తిక్కన గారు ఎత్తుకున్నదీ అక్కడి నుంచే, చివరిదాకా 15 పర్వాలు. మాటల్లో తెలుగు పాలు ఎక్కువ, పాత్రలు ఎదురుగా నిలబడి మాట్లాడుకున్నట్టుంటాయి. ఐదే ఆశ్వాసాలు. వానలు పడకపోతే ఊళ్లలో చదివించుకున్న పర్వం కూడా అదే. నన్నయ గారి దగ్గరికి తర్వాత రండి, అప్పటికి ఆ సంస్కృత సమాసాలు బెదిరించవు.

రెండో జవాబు:
నిఘంటువు పని కాల్‌లో పెట్టుకోకండి. వెనకటి పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివేవారు, మరొకరు అర్థం చెప్పేవారు. మా బృందంలో అలాగే చేస్తాం. వారానికి ఇద్దరే సిద్ధపడి వస్తారు, మిగతావాళ్లు పుస్తకం మూసి వింటారు. అర్థానికి టీటీడీ వారి ప్రతిపదార్థ తాత్పర్యాల ప్రచురణ దగ్గర పెట్టుకోండి. అందరూ కలిసి చదవాలని మాత్రం చూడకండి, నెట్‌లో గొంతులు ముందూ వెనకా అయిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మొన్న ఆదివారం ఆరుగురం కూర్చున్నాం. 'సింగం' పద్యం నేనే చదివాను. 'మాతంగ' అని ఆగకుండా కలిపి అంటుంటే ఒళ్లు జలదరించింది. ఒకావిడ మళ్లీ చదవమన్నారు, మూడుసార్లు చదివాను. ఆ తర్వాత అరగంట, నాలుగో పాదంలో అర్జునుణ్ణి 'కుంతీసుతమధ్యముండు', అంటే కుంతి కొడుకుల్లో నడిమివాడు, అన్నారే, దాని మీదే చర్చ. కుంతికి ధర్మరాజు, భీముడు, అర్జునుడు కదా, మధ్యముడంటే భీముడు కావాలి కదా అని ఒకాయన పట్టుపట్టారు.

మొదటి జవాబిచ్చినవారు:
మంచి ప్రశ్న పట్టారు! మాద్రి వెళ్లిపోతూ తన కవలల్ని కుంతి చేతిలోనే పెట్టింది. అప్పటి నుంచి ఆ తల్లికి ఐదుగురూ కొడుకులే, వాళ్లలో నడిమివాడు అర్జునుడు. ఆయనకు ఈ మాట చెప్పి, వచ్చే వారం పద్యం ఆయన చేతే చదివించండి.