ఆక్వా సెన్సర్ల కంపెనీలో నలుగురికి కొత్తగా ఉద్యోగాలు: కేంద్ర ప్రోత్సాహకం ఎంతొస్తుంది?

ప్రశ్న (భీమవరం):
రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు, వాటి యాప్ తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అండి, 2022లో పెట్టింది. పీఎఫ్‌లో 24 మంది ఉన్నారు. ఇద్దరు ప్రోగ్రామర్లని, గట్ల మీద తిరిగే ఇద్దరు టెక్నీషియన్లని తీసుకోవాలి. కొత్త ఉద్యోగాలిచ్చే కంపెనీలకి కేంద్రం డబ్బిచ్చే వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద ఏం వస్తుంది? కొత్త కంపెనీలకి తొలి పెట్టుబడి సాయం చేసే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌కి పెట్టొచ్చా?

జవాబు (తణుకు):
2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు చేరినవాళ్లకే ఇది వర్తిస్తుందండి. 50 మంది లోపున్న చోట కనీసం ఇద్దరు అదనంగా చేరి, 6 నెలలు నిలవాలి. పీఎఫ్ జీతం (పీఎఫ్ లెక్కగట్టే జీతం) 10,001 నుంచి 20,000 వరకూ ఉంటే మనిషికి నెలకి 2,000, ఆపైన లక్ష దాకా 3,000, రెండేళ్లపాటు కంపెనీకి వస్తాయి. తయారీ రంగానికి మూడు, నాలుగో ఏడూ ఇస్తారు.

చాలామంది దెబ్బతినేది జీతాన్ని బేసిక్, అలవెన్సులుగా విడగొట్టే దగ్గరే. పీఎఫ్ మిగులుతుందని బేసిక్‌ని 9,000కి కుదిస్తారు. అప్పుడు కంపెనీ కట్టేది 13 శాతం చొప్పున 1,170. జీతం 10,000 లోపే కాబట్టి వచ్చేది మాత్రం వెయ్యి దాటదు. అదే 15,000 మీద కడితే 1,950 పోయి 2,000 వస్తుంది. కుర్రాడి పీఎఫ్ ఖాతా కూడా నిండుతుంది. దయచేసి కుదించకండి.

అదనం అంటే నికరంగా పెరిగినవాళ్లు. ఇప్పటిదాకా మీ సిబ్బంది సగటు 24 అనుకుంటే 26 నిలబడాలి. ఇద్దరు చేరి పాతవాళ్లలో ఒకరు మానేస్తే 25 దగ్గరే ఆగిపోతారు. టెక్నీషియన్లని ఏజెన్సీ ద్వారా పెడితే ఆ ఏజెన్సీ పీఎఫ్ కోడ్‌లో పడతారు, మీ లెక్కకి రారు. కొత్తవాళ్ల యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కేంద్ర ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో ముఖం స్కాన్ చేసి తీయించండి. ఈసీఆర్ (నెలవారీ పీఎఫ్ రిటర్న్) ప్రతి నెలా 15 లోపు వేసెయ్యండి. డబ్బు పాన్‌తో ముడిపడ్డ ఖాతాకే వస్తుంది.

జవాబు (రాజమండ్రి):
సీడ్ ఫండ్ మీకు కుదరదండి. దరఖాస్తు నాటికి కంపెనీ వయసు రెండేళ్లు దాటకూడదని నిబంధన. స్టార్టప్‌గా కేంద్ర పరిశ్రమల విభాగం డీపీఐఐటీ ఇచ్చే గుర్తింపుకి మాత్రం పదేళ్ల దాకా వీలుంది, అది వదలొద్దు. ప్రభుత్వ టెండర్లలో ఈఎండీ (ముందస్తు డిపాజిట్) ఉండదు, పాత అనుభవం విషయంలో సడలింపు ఉంటుంది, పేటెంట్ ఫీజులో 80 శాతం తగ్గుతుంది. దరఖాస్తులో "యాప్ చేస్తున్నాం" అని రాస్తే నిలవదు. ఉప్పునీళ్లలో సెన్సర్ మొనకి నాచు, జిగురు పట్టి రీడింగ్ తప్పుతుంది కదా, దాన్ని మీ పరికరం ఎలా తట్టుకుంటుందో, ఎన్నాళ్లకోసారి తుడవాలో చెరువు రీడింగులతో చూపించండి. సలహాకి, స్టార్టప్‌లకి తోడ్పడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ ఇక్కడ రాజమండ్రిలోనే ఉంది.

ప్రశ్న (భీమవరం):
టెక్నీషియన్లలో ఒకతనికి పాత యూఏఎన్ ఉందండి. లెక్కకొస్తాడా?

జవాబు (తణుకు):
వస్తాడండి, మీ వాటా మీకు అందుతుంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకి రెండు విడతల్లో ఇచ్చే 15,000 లోపు సొమ్ము మాత్రం అతనికి రాదు. దానికోసం రెండో యూఏఎన్ తీయించకండి, పాతదే కొనసాగించండి.