బాటె బోరిసోవ్ 13 వరస టైటిల్స్: బెలారస్ లీగ్‌ని నిలబెట్టాయా, చంపేశాయా?

లాక్‌డౌన్ ఫ్యాన్:
అందరికీ నమస్తే. 2020 మార్చిలో యూరప్ మొత్తం ఆటలు ఆగిపోతే బెలారస్ లీగ్ ఒక్కటే నడిచింది గుర్తుందా, నేను అప్పుడే చూడ్డం మొదలుపెట్టా. సీజన్ మొదటి రోజే బాటె బోరిసోవ్ 1-3తో ఎనర్గెతిక్ బీజీయూ అనే చిన్న టీమ్ చేతిలో ఓడిపోయింది. ఎవరీ బాటె అని వెతికితే 2006 నుంచి 2018 దాకా వరసగా 13 సార్లు ఛాంపియన్లట, 1999, 2002 కూడా కలిపితే 15. ఆ రోజు నుంచి వాళ్లనే ఫాలో అవుతున్నా, కానీ నేను చూస్తుండగా ఒక్క టైటిల్ రాలేదు. 2020లో, 2021లో బెలారస్ కప్పు గెలిచారు, లీగ్ మాత్రం రాలేదు. 2023, 2024 దినమో మిన్స్క్ కొట్టేసింది, 2025లో పై డివిజన్‌కి వచ్చిన మొదటి ఏడాదే ఎంఎల్ విటెబ్స్క్ ఛాంపియన్ అయిపోయింది. ఆ 13 ఏళ్లు ఆ దేశం ఫుట్‌బాల్‌కి మేలు చేశాయా కీడు చేశాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

హాఫ్‌బ్యాక్:
కీడే. ఇందులో అడగడానికేముంది. 13 ఏళ్లు ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే గ్రౌండ్‌కి ఎవడొస్తాడు? ఒకసారి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ) గ్రూప్‌లోకి వెళ్తే వచ్చే డబ్బు మిగతా టీమ్స్ అన్నీ ఎన్నేళ్లు ఆడినా చూడలేనిది. ఆ డబ్బుతో పక్క టీమ్స్‌లో బాగా ఆడేవాళ్లని తెచ్చుకుంటారు, మళ్లీ లీగ్ గెలుస్తారు, మళ్లీ యూరప్ వెళ్తారు, మళ్లీ డబ్బు. అది పోటీ కాదు, గానుగెద్దు తిరిగినట్టు తిరగడం.

కడియం కుర్రాడు:
జర్మనీ టీమ్ బయర్న్‌ని 3-1తో కొట్టిన టీమ్ అన్నా అది. ఆ ఒక్క రాత్రి చాలు.

హాఫ్‌బ్యాక్:
ఆ మ్యాచ్ ఎక్కడ జరిగిందో చూశావా తమ్ముడూ? మిన్స్క్‌లో. బోరిసోవ్‌లో కాదు.

మిన్స్క్ బ్యాచ్:
నేను ఆ మ్యాచ్‌కి వెళ్లాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. 2012లో మెడిసిన్ చదవడానికి మిన్స్క్ వెళ్లా, దిగి నెల కూడా కాలేదు, భాష రాదు, హాస్టల్ వంటగదిలో అన్నం వండుకోవడం తప్ప ఏం తెలీదు. అక్టోబర్ 2, మా సీనియర్ ఒకాయన చెయ్యి పట్టుకుని దినమో స్టేడియంకి లాక్కెళ్లాడు. 23వ నిమిషంలో పావ్లోవ్ గోల్, 78లో రొదియోనోవ్, చివర్లో బయర్న్ తరఫున రిబెరీ ఒకటి కొట్టేసరికి అందరి గొంతు ఎండిపోయింది, అంతలో ఇంజురీ టైంలో బ్రెస్సన్ మూడోది కొట్టాడు. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను పట్టుకుని ఏడ్చాడు, ఆయన మాట ఒక్కటి నాకు అర్థం కాలేదు. ఆ సీజన్ చివర్లో ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తింది ఆ బయర్నే. అంతకుముందు మ్యాచ్‌లో ఫ్రాన్స్ టీమ్ లిల్‌ని వాళ్ల ఊళ్లోనే 3-1తో కొట్టారు, రెండు మ్యాచ్‌లయ్యాక గ్రూప్‌లో బాటే టాప్.

ఇక ఊరి సంగతి. బోరిసోవ్ మిన్స్క్‌కి 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్నం. బాటె అంటే ఏంటనుకుంటున్నారు, ట్రాక్టర్లకీ మోటార్లకీ కరెంటు సామాన్లు చేసే ఫ్యాక్టరీ పేరు. 1973లో పెట్టిన టీమ్ 1984లో మూతపడింది, 1996లో మళ్లీ పెట్టారు. కింద నుంచి రెండు డివిజన్లు రెండేళ్లలో దాటేసి 1998లో రెండో స్థానం, 1999లో ఛాంపియన్. దాని వెనక క్లబ్ ఛైర్మన్ కాప్‌స్కీ అని ఒక్క మనిషి. మిన్స్క్ పెద్ద క్లబ్ దినమో దగ్గర డబ్బు లేక కాదు, 2004 తర్వాత 2023 దాకా వాళ్లకి టైటిల్ రాలేదంటే అది బాటె తప్పా?

హాఫ్‌బ్యాక్:
కథ బాగుంది సార్, నా ప్రశ్నకి జవాబు మాత్రం లేదు. బోరిసోవ్ టీమ్ అంటున్నారు, బోరిసోవ్ జనం వాళ్ల ఊళ్లో చూశారా ఆ మ్యాచ్? 2008లో జువెంటస్ మీద 2-0 ఆధిక్యంలోకి వెళ్లి 2-2 చేసుకున్నదీ మిన్స్క్‌లోనే. ఊళ్లో ఉన్న పాత స్టేడియం చాల్లేదు కాబట్టి పెద్ద మ్యాచ్‌లన్నీ రాజధానిలో. ఊరి పేరు వాడుకుని రాజధానిలో ఆడే టీమ్ అది.

మిన్స్క్ బ్యాచ్:
అందుకే కదా 2014లో బోరిసోవ్ అరీనా కట్టుకున్నారు, 13 వేల మంది పట్టేది, స్లొవేనియా ఆర్కిటెక్టులు గీశారు, చూస్తే కళ్లు తిరుగుతాయి. అక్కడే బిల్బావోని 2-1, 2015 సెప్టెంబర్‌లో రోమాని 3-2, 2019 ఫిబ్రవరిలో ఆర్సెనల్‌ని 1-0. ఇవన్నీ బోరిసోవ్‌లోనే. సరిపోయాయా?

సైలెంట్ రీడర్:
అదే అరీనాలో 2014లో యుక్రెయిన్ టీమ్ షాఖ్తార్ 7-0తో తొక్కేసింది, లూయిజ్ అద్రియానో ఒక్కడే ఐదు కొట్టాడు. అదీ చెప్పాలి మరి.

మిన్స్క్ బ్యాచ్:
చెప్తా, దాచట్లేదు. ఆ ఏడాది గ్రూప్‌లో 24 గోల్స్ తిన్నారు. కానీ ఐదుసార్లు గ్రూప్ దాకా వెళ్లింది ఆ దేశం నుంచి ఇంకెవరు?

హాఫ్‌బ్యాక్:
ఐదుసార్లు వెళ్లారు, ఒక్కసారైనా నాకౌట్‌కి చేరారా? 2012లో 6 పాయింట్లతో మూడో స్థానం, అదే పెద్దది. బయర్న్ మ్యాచ్ మాత్రం బోరిసోవ్‌లో జరగలేదు, అది జరగలేదు అంటే జరగలేదు.

కడియం కుర్రాడు:
అన్నా మీరు స్టేడియం దగ్గరే ఆగిపోయారు, అసలు ప్రశ్న లీగ్ గురించి కదా.

హాఫ్‌బ్యాక్:
లీగ్ గురించే చెప్తున్నా, నీకు అర్థం కావాలంటే నా సంగతి చెప్పాలి. మా ఊరు ఖమ్మం వైపు. 11 ఏళ్లు సొంత డబ్బుతో పిల్లల టీమ్ నడిపా, జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఐదింటికి. జిల్లా టోర్నమెంట్ గెలిచిన సంవత్సరం హైదరాబాద్ నుంచి ఒక అకాడమీ వాళ్లు వచ్చారు, పేరు అనవసరం, ముగ్గురు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. నాకు ఒక ఫోన్ లేదు, వాళ్ల నాన్నలు కూడా చెప్పలేదు. మర్నాడు పొద్దున గ్రౌండ్‌కి వెళ్తే మిడ్‌ఫీల్డ్‌లో ఎవరూ లేరు. తర్వాతి ఏడాది టీమే లేదు. ఆ అకాడమీ వాళ్లు కప్పు గెలిచి ఫోటో పెడితే కింద ఎంతమంది గ్రేట్ అని రాశారో. బాటె 13 టైటిల్స్ అనగానే నాకు ఆ ఫోటోనే కనిపిస్తుంది. ఆ 13 ఏళ్లలో గోమెల్‌లో, మొగిలేవ్‌లో, గ్రోద్నోలో నాలాంటివాళ్లు ఎంతమంది పొద్దున్నే ఖాళీ గ్రౌండ్ చూశారో ఎవరైనా లెక్క రాశారా?

మిన్స్క్ బ్యాచ్:
మీకు జరిగింది అన్యాయమే సార్, కాదనను. కానీ మీ కోపం బాటె మీద తీర్చుకోకండి. బాటె దగ్గర్నుంచి కూడా తీసుకెళ్లారు. హ్లెబ్ బాటెలో ఆడి 2000లో స్టుట్‌గార్ట్ వెళ్లాడు, తర్వాత ఆర్సెనల్, బార్సిలోనా. కుతుజోవ్‌ని 2001లో మిలాన్ వాళ్లు తమ మీద ఆడిన మ్యాచ్‌లు చూసి పట్టుకుపోయారు. కోచ్ గొంచరెంకో మోకాలి దెబ్బతో 25 ఏళ్లకే ఆట మానేసినవాడు, అదే క్లబ్‌లో కోచింగ్ నేర్చుకుని 31 ఏళ్లకి ఛాంపియన్స్ లీగ్ గ్రూప్‌లో టీమ్‌ని నిలబెట్టాడు, తర్వాత అతన్నీ రష్యా వాళ్లు తీసుకెళ్లారు. పోయినవాళ్ల చోట మళ్లీ మనుషుల్ని తయారుచేసుకున్నారు కాబట్టి నిలబడ్డారు. మీరు ముగ్గురు పిల్లలు పోతే మానేశారు.

హాఫ్‌బ్యాక్:
ఆ ఆఖరి మాట మీరు రాయకుండా ఉండాల్సింది. నేను మానెయ్యలేదు, నా దగ్గర డబ్బు అయిపోయింది. మీరు హాస్టల్లో ఉండి ఒక్క రాత్రి మ్యాచ్ చూశారు, బయర్న్ ఓడింది కాబట్టి ప్రేమ పుట్టింది. ఓడిపోయే టీమ్‌తో పొద్దున ఐదింటికి లేచి నిలబడటం అంటే ఏంటో మీకు తెలీదు. మీరందరూ గెలిచినప్పుడు వచ్చేవాళ్లు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగతంగా వెళ్లొద్దు.

లాక్‌డౌన్ ఫ్యాన్:
హాఫ్‌బ్యాక్ అన్నా, నేను గెలిచినప్పుడు రాలేదు. 1-3 ఓడిన రోజు వచ్చా. ఆరేళ్ల నుంచి ఓడిపోవడమే చూస్తున్నా. 2023లో సైప్రస్ టీమ్ ఆరిస్ లిమాసోల్ రెండు మ్యాచ్‌లలో 11 గోల్స్ కొట్టింది, నేను రెండూ ఫోన్‌లో చూశా, పక్కన మా అమ్మ ఎందుకురా అర్ధరాత్రి ఈ బాధ అంది.

మిన్స్క్ బ్యాచ్:
ముందు క్షమించండి సార్, ఆ మాట తప్పు. కానీ గెలిచినప్పుడు వచ్చేవాళ్లు అన్నారు చూడండి, అది నాకు గుచ్చుకుంది, ఎందుకో చెప్తా. ఆ స్టేడియంలో నేను ఎవడికీ ఏమీ కాను, నల్లగా ఉన్న పిల్లాడు, పైగా భాష రాదు. మూడో గోల్ పడ్డప్పుడు ఆ ముసలాయన పట్టుకున్నాడు చూశారా, ఆ ఊళ్లో ఆరేళ్లు ఉండగలను అని నాకు అప్పుడు అనిపించింది. మీరేమో అది బోరిసోవ్ వాళ్లది కాదు అంటారు. మరి ఎవరిది? ఆ రోజు రైళ్లలో, బస్సుల్లో దేశం నలుమూలల నుంచి వచ్చారు. మీ లెక్క ప్రకారం క్లబ్ అంటే ఆ ఊళ్లో పుట్టినవాళ్లదే, నా లెక్కలో వచ్చి నిలబడినవాళ్లందరిదీ. మన గొడవ ఇదే, 13 టైటిల్స్ కాదు.

హాఫ్‌బ్యాక్:
సరే, ఇప్పుడు అసలు మాట అన్నారు. అవును, నా లెక్క అదే. టీమ్ ఊరిది. కాప్‌స్కీ 2018 సెప్టెంబర్‌లో 52 ఏళ్లకి పోయాడు, ఆ ఏడాది టైటిలే ఆఖరిది. ఒక మనిషి పోతే కూలిపోయిందంటే అది ఊరి టీమ్ ఎలా అవుతుంది, ఆయన టీమ్ అది. ఊరిదైతే ఊరు ఎత్తుకునేది. ఎంఎల్ విటెబ్స్క్ చూడండి, రొగాచోవ్ అనే చిన్న ఊరి నుంచి టీమ్‌ని లేపుకెళ్లి విటెబ్స్క్‌లో పెట్టారు, అక్కడ అప్పటికే పాత టీమ్ ఒకటి ఉంది. ఛాంపియన్ అయింది. రొగాచోవ్ పిల్లలు ఇప్పుడు ఎవర్ని చూడ్డానికి వెళ్లాలి? డబ్బున్నోడు టీమ్‌ని సూట్‌కేస్‌లా పట్టుకుపోవచ్చని దారి చూపించింది ఎవరు?

మిన్స్క్ బ్యాచ్:
బాటె చూపించలేదు, బాటె ఊరు వదిలి పోలేదు. స్టేడియం చాల్లేదని అద్దెకి ఆడారు, తర్వాత సొంత ఊళ్లో కట్టుకుని వచ్చారు. డబ్బు హడావుడి అంటే దినమో బ్రెస్ట్‌ది, 2018లో మారడోనాని బోర్డు ఛైర్మన్‌గా తెచ్చి అంత హడావుడి చేసి 2019లో గెలిచింది, మళ్లీ టైటిల్ మొహం చూడలేదు. బాటె 13 ఏళ్లు ఒకే చోట నిలబడింది. రెండూ ఒకటి కాదు సార్.

సైలెంట్ రీడర్:
ఇప్పుడు ఊరు, జనం అని కొట్టుకుంటున్నారు గానీ, 2022 నుంచి యూరప్ మ్యాచ్‌లు వాళ్ల ఊళ్లోనూ లేవు, మిన్స్క్‌లోనూ లేవు. యుక్రెయిన్ యుద్ధం వచ్చాక బెలారస్ టీమ్స్ సొంత మ్యాచ్‌లు వేరే దేశంలో, జనం లేకుండా ఆడాలని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా రూల్ పెట్టింది. దినమో మిన్స్క్ 2024లో కాన్ఫరెన్స్ లీగ్‌కి వెళ్లినా ఉత్తర ఐర్లాండ్ టీమ్ లార్న్‌ని 2-0తో ఓడించింది ఖాళీ కుర్చీల ముందే.

లాక్‌డౌన్ ఫ్యాన్:
అవును. ఆరిస్‌తో సొంత మ్యాచ్ కూడా ఖాళీ స్టేడియమే. కోచ్ అరుపులు కూడా వినిపిస్తున్నాయి ఫోన్‌లో.

హాఫ్‌బ్యాక్:
ఆ ఖాళీ గ్రౌండ్ సంగతి నాకు తెలుసు. అది ఎవడికీ రాకూడదు, వాళ్లకి కూడా. 13 మాట మాత్రం నేను మార్చను.

మిన్స్క్ బ్యాచ్:
మార్చొద్దు సార్. ఆ ముగ్గురు పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు?

హాఫ్‌బ్యాక్:
ఒకడు మానేశాడు, ఒకడు పోలీస్ టీమ్‌లో ఉన్నాడు. మూడోవాడు సంక్రాంతికి ఊరొచ్చి గ్రౌండ్ దాకా వచ్చి వెళ్లాడట, మా తమ్ముడు చూశాడు. నన్ను కలవలేదు.